మూకుట్లో కొత్త నూనె

ఏమే నర్సమ్మ కోడలా! నైట్ డ్యూటీ నుంచి వచ్చి అన్నం తినకుండా మంచమెక్కావంటే నీ జడ మంచంకోడుకి కట్టేస్తా. అన్నం మూత కింద ఉంది. నేను డిపోకి పోతున్నా.

"మాడిన నూనె మళ్ళీ మళ్ళీ కాచి తింటే, రక్తంలో కొవ్వు తుప్పుపట్టినట్టు చెడిపోయి నాళాల గోడలకి అతుక్కుంటుంది మావయ్యా. గుండెలో ఒక స్టెంటు చాలదా?" అన్నావా, బుద్ధిమంతుడిలా తలూపానా, మర్నాటి నుంచి డబ్బాలో పోసి ఉంచిన ఆ పాత నూనెలోనే గుడ్లు వేయించుకుని తింటున్నా. నిన్ను భలే బుట్టలో వేశాననుకున్నా.

ఇవాళ ఆ పాత నూనె డబ్బా చెయ్యి జారి తెల్ల గట్టు మీద ఒలికింది. చూస్తే నీళ్ళలా తేటగా ఉంది! నల్ల మూకుట్లో ఇన్నాళ్ళూ తెలియలేదు. పాతది పారబోసి కొత్తది పోస్తున్నావా, దొంగపిల్లా? పగలబడి నవ్వాను. నవ్వాక చూస్తే ఇంట్లో వినేవాళ్ళు లేరు. నువ్వొచ్చేసరికి నేనుండను, నేనొచ్చేసరికి నువ్వుండవు.

ఆదివారం సెలవు పెట్టు. ఎదురుగా కూచుని వెక్కిరించు.

ఇంకోమాట. నిజం చెప్పాలంటే, డబ్బా నీ కళ్ళబడేలా పొయ్యి పక్కన పెట్టిందే నువ్వు ఫోన్ చేసి తిడతావని. రోజూ డిపోలో జేబు తడుముకుంటూ కూచున్నా. నువ్వేమో చప్పుడు చెయ్యకుండా నూనె మార్చేసి పడుకున్నావు.