నీ మెడ, వాళ్ళ బస్సు

చిన్నదానా,

నీ మెడ బెణకడానికి కారణం నీ కునుకు కాదు, బ్రేకులు సరిగ్గా పడని బస్సులో మిమ్మల్ని కుక్కి పంపిన ఆ ఫ్యాక్టరీ పెద్దమనుషులు. "బస్సులో నిద్రపోతే మెడ పట్టదా మరి?" అని నిన్న మనింటికొచ్చి నవ్విపోయాడే మీ సూపర్‌వైజరు, వాడికి ఫ్యాక్టరీ గేటు దగ్గరే జవాబు చెప్తాను. అందుకే నువ్వు లేవకముందే వెళ్తున్నాను.

మెడకి వేసిన కాలర్ పట్టీ మరీ బిగించకు, గడ్డం దాని మీద ఆనితే చాలు. రోజంతా పెట్టుకుంటే మెడ కండరాలు నీరసపడతాయని డాక్టరమ్మ నా ఎదుటే చెప్పింది. మధ్యమధ్యలో తీసి, ఆవిడ చూపించినట్టు మెల్లగా అటూ ఇటూ తిప్పు. చేతులు తిమ్మిరెక్కితే మాత్రం పక్కింటి పిన్నిని తోడు తీసుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళు. నువ్వు వంగక్కర్లేకుండా గిన్నెలన్నీ గట్టు మీదే పెట్టాను.

"నీ గొడవల వల్ల నా పని పోతుందక్కా" అన్నావు మొన్న. ఆ తర్వాత మాటే లేదు. పలకరిస్తే మెడ తిరగట్లేదంటావు. యూనియన్ మీటింగు పెడితే గేటు దగ్గర రెండొందల మంది నా మాట వింటారు. ఇంట్లో ఉన్నది నువ్వొక్కదానివే, నువ్వూ వినకపోతే నేనెవరితో చెప్పుకోను?

మధ్యాహ్నం సూపర్‌వైజరు 'తప్పు నాదే' అని నీ పేరున రాసిన కాగితం పట్టుకుని వస్తాడు. దాని మీద సంతకం పెట్టకు. అక్క వచ్చాకే ఏదైనా అని చెప్పి పంపించెయ్.

అక్క

ఐదింటికల్లా వస్తాను. నా మీద కోపముంటే తిట్టు, కానీ నోరు విప్పి తిట్టు.