రేకుల ఇంట్లో టేబుల్ ఫ్యాన్

కొమరోలు,
జూన్ 3

ఉమక్కకు,

ఫోన్లో చెప్పే ధైర్యం లేక కాగితం పట్టుకున్నాను. నీ గొంతు వింటే మళ్ళీ అబద్ధమే చెబుతానని నాకు తెలుసు. ఇది బావకు చూపించాలో వద్దో నీ ఇష్టం. కానీ పదిహేనో తేదీ లైన్‌మన్ ఏబేలన్న మీద అర్జీ పెట్టడానికి బయలుదేరే ముందు మాత్రం చివరిదాకా చదువు.

నాయన పోయిన రోజు కరెంటు పోలేదక్కా.

తుంటి విరిగి నాయన మంచాన పడ్డాక నేను హైదరాబాదులో పని వదిలేసి వచ్చాను కదా. ఇల్లు దాటడానికి లేదు, మాట్లాడే ఈడువాడు లేడు. గేములు ఆడుకోవడానికి ఒక కంప్యూటర్ నా చేత్తో నేనే బిగించుకుందామనుకున్నాను. మార్కాపురంలో కంప్యూటర్ షాపు పెట్టిన నా స్నేహితుడు ఎబినేజర్ తెలుసుగా, ఒక్కో పార్టూ వాడే ఎంచి ఇచ్చాడు. రెండు చోట్ల మాత్రం నేను వాడి మాట వినలేదు. పార్టులన్నీ బిగించే డబ్బా గాలి ఆడేట్టు ముందు జాలీ ఉన్నది తీసుకోమన్నాడు, నేను అందంగా ఉందని అద్దాల డబ్బా తీసుకున్నాను. ర్యామ్ అని మెమరీ ముక్కలుంటాయి, అవి మామూలు స్పీడువి చాలన్నాడు, నేను అన్నిటికంటే స్పీడుది, లైట్లు వెలిగేది కావాలని పట్టుబట్టాను. "మీది రేకుల ఇల్లురా సామీ. మే నెలలో మనుషులే ఉడికిపోతారు, అది తట్టుకుంటాదా?" అన్నాడు. "నీ షాపులో లేదని చెప్పు, సాకులెందుకు" అని ఎగతాళి చేశాను.

పొద్దున పూట బ్రహ్మాండంగా నడిచేది. మధ్యాహ్నం పన్నెండు దాటితే చాలు, ఆట మధ్యలో తెర నీలంగా మారి ఆగిపోయేది. ర్యామ్ ముక్కలు రెండూ ఊడదీసి రబ్బరుతో రుద్దాను. ఒకటి తీసి ఒకటే పెట్టి చూశాను, చోట్లు మార్చాను. మెమరీ పరీక్ష అని ఒక ప్రోగ్రాం ఉంటుంది. ర్యామ్‌లో ఏదో రాసి, రాసింది రాసినట్టు తిరిగి వస్తుందా లేదా అని గంటల తరబడి చూస్తుంది. మన ఇంట్లో దానికి వందల్లో తప్పులు వచ్చాయి. డబ్బా ఒళ్ళో పెట్టుకొని బస్సులో మార్కాపురం తీసుకుపోతే, ఎబినేజర్ ఏసీ గదిలో ఒక్కటంటే ఒక్కటి రాలేదు. నాకు ఒళ్ళు మండింది. పాడు సరుకు అంటగట్టావని వాణ్ణి నలుగురిలో అనేశాను. వాడు ఓర్చుకొని, "ఎండ కొట్టిందిరా దానికి. స్పీడు తగ్గియ్, నిలబడతాది. నమ్మకం లేకుంటే పక్క అద్దం తీసి ఫ్యాన్ పెట్టి చూడు" అన్నాడు. స్పీడు తగ్గించడమంటే నాకు తలవంపులనిపించింది. రెండు నిమిషాల పని అక్కా అది.

ఇంట్లో ఉన్నది ఒక్క టేబుల్ ఫ్యాన్. పైన తిరిగేది ఉగాదికి ముందే కాలిపోయింది, రేపు మాపు అంటూ నేను బాగు చేయించలేదు. ఆ రోజు పన్నెండింటికి డబ్బా పక్క అద్దం ఊడదీసి, నాయన మంచం దగ్గరి ఫ్యాన్ తీసి కంప్యూటర్ వైపు పెట్టాను. "ఏందిరా, గాలి అటు పెట్టినావు?" అన్నాడు. "కొంచెం సేపు నాయనా. మిషన్‌కు పరీక్ష పెట్టినా, మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తాది" అన్నాను. "సరే, కానియ్" అన్నాడు. చెంబుతో నీళ్ళు పక్కన పెట్టి, ఆ రేకుల కింద నేనే కూర్చోలేక బయట వేపచెట్టు నీడకు పోయాను. నేను కూర్చోలేని గది అక్కా అది. లేవలేని మనిషిని అందులో వదిలేసి, గాలేమో మిషన్‌కు పెట్టాను. మధ్యలో నాయన నుంచి ఒకసారి ఫోన్ వచ్చింది. నీళ్ళకేమోలే, పక్కనే ఉన్నాయి కదా అని కట్ చేశాను.

నాలుగింటికి లోపలికి వచ్చి ముందు చూసింది తెరనే. నాలుగు రౌండ్లు, తప్పులు సున్నా. ఎగిరి గంతేసి ఫొటో తీసి ఎబినేజర్‌కు పంపాను. ఆ తర్వాతే మంచం వైపు తిరిగాను. చెంబు కింద దొర్లి ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఆటోలో గిద్దలూరు ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు.

ఇంట్లో ఫ్యాన్ లేదా అని అక్కడ ఎవరో అడిగితే, కరెంటు పోయిందని నా నోటికొచ్చేసింది. ఆ మాట పట్టుకొనే దినాల నాడు నువ్వు ఏబేలన్న చొక్కా పట్టుకున్నావు. "ఆ పొద్దు నేను లైను తియ్యలేదు తల్లీ, ఒట్టు" అని అతను ఏడుస్తుంటే నేను విస్తళ్ళు వేస్తూ తల వంచుకున్నాను. ఇక నావల్ల కాదు. పరీక్ష మూడు గంటల యాభై నిమిషాలు ఆగకుండా నడిచినట్టు ఆ ఫొటోలోనే ఉంది. కరెంటు ఉందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. నన్ను ఏం చేస్తావో చెయ్యి.

నీ తమ్ముణ్ణని రాయడానికి సిగ్గుపడుతూ,
ధనుంజయ


పెద్దదోర్నాల,
జూన్ 7

ఒరే ధనుంజయా,

ఫోన్ ఆపేసుకున్నావు, అందుకని ఉత్తరానికి ఉత్తరమే రాస్తున్నాను. నీది చదివి నిన్ను కొట్టాలనిపించింది. ఎదురుగా ఉంటే కొట్టేదాన్నే. నీ ఆటలు మండిపోను! కానీ చెయ్యి లేచేది కాదేమో. ఎందుకంటే కరెంటు పోలేదని నాకు ఆ రోజే తెలుసు.

ఒంటిగంటన్నరకు నాయన నాకు ఫోన్ చేశాడు. మా హోటల్ ముందు శ్రీశైలం పోయే బస్సులు రెండు ఆగి ఉన్నాయి, నా చేతిలో సాంబారు బకెట్టు ఉంది. "అమ్మీ, నేను చేస్తే చిన్నోడు కట్ చేసినాడు. నువ్వన్నా చెప్పు, ఆ ఫ్యాను కొంచెం ఇటు తిప్పమని. ఉడుకెత్తిపోతాండాది" అన్నాడు. చెప్తాలే నాయనా అన్నాను. పనిలో పడి మరిచిపోయాను. నీ ఫోన్ వస్తేనే గుర్తొచ్చింది.

నువ్వు కరెంటు పోయిందన్నప్పుడు నేను నోరెత్తలేదు. ఆ అబద్ధం నాకూ కావాల్సి వచ్చింది. ఏబేలు చొక్కా పట్టుకున్నది నాయన మీద ప్రేమతో అనుకున్నారు అందరూ. నాయన మాట నా చెవిలో వినపడకుండా ఉండటానికి అరిచానురా. అర్జీ రాయించింది కూడా అందుకే. నిన్న దాన్ని పొయ్యిలో పెట్టాను.

క్షమించానని రాయను. ఆ మాట అనే ముఖం నాకు లేదు, అనాలన్న మనసూ రావడం లేదు. ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. ఇంటికి కాదు, ముందు ఏబేలు ఇంటికి పోదాం, ఇద్దరం. అతని పెళ్ళాం ముందు, పిల్లల ముందు జరిగింది చెబుదాం. ఎన్ని తిట్టినా పడదాం. ఎబినేజర్‌కు కూడా నువ్వే చెప్పుకో. ఆ కంప్యూటర్ ఏం చేయాలో నన్ను అడగకు.

పైన మరిచిపోయానని రాశాను కదా. అదీ నిజం కాదు. నేను ఫోన్ పెట్టేయబోతుంటే నాయన మళ్ళీ అన్నాడు: "వద్దులే అమ్మీ, చెప్పొద్దు. మిషన్‌కు పరీక్ష పెట్టినాడంట, మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తాదంట. అయిపోయినాక వాడే తిప్పుతాడు."

హమ్మయ్య, ఒక పని తప్పింది అనుకొని నేను సాంబారు పోయడానికి పోయాను.

నీ అక్క,
ఉమ