జిప్పు కవరులో నవల

ఫిబ్రవరి 6, శుక్రవారం

మా ఇంట్లో ఆడపిల్ల ఏడవడానికి రెండే కారణాలు. అబ్బాయి, లేదా దేవుడు. అబ్బాయి లేడని నా ఫోన్ చూసి అమ్మ ఎప్పుడో తేల్చుకుంది. మిగిలింది ఒక్కటే.

ఇవాళ ప్రార్థన కూడిక మా ఇంట్లోనే. చాపల మీద పదిహేను మంది ఆడవాళ్లు, కుర్చీలో పాస్టరు గారు. దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పే వేళకు అమ్మ లేచింది — "మా అమ్మాయి బుధవారం వాక్యం చదువుకుంటా ఒకటే ఏడుపండీ. గుమ్మం దగ్గర్నుంచి చూసేను. మారుమనస్సు వచ్చే వేళ కదా అని కదపలేదండీ..."

అందరి తలలూ నా వైపు. "స్తోత్రం!"

పాస్టరు గారి కళ్లలో నీళ్లు. "చాలా సంతోషమమ్మా. పదిహేనో తారీకున రేవులో బాప్తిస్మాలున్నాయి. పేరు రాసేసుకోనా?"

"రాసేసుకోండి" — అమ్మ.

నా చేతిలో టీ గ్లాసుల ట్రే. వరసగా అందరికీ అందించాను.

నేను చదివింది బైబిలు వాక్యం కాదు. నవల. అట్ట ఊడిపోయి కాగితాలు జారిపోతుంటే నాయనమ్మ పాత బైబిలుకుండే నల్ల జిప్పు కవరులో పెట్టుకున్నాను. అంతే. మోసం కాదు... మోసమేనా?

ఫిబ్రవరి 7, శనివారం

నిజానికి నేను నవల కోసం వెళ్లలేదు. అమలాపురం లైబ్రరీలో పోటీ పరీక్షల పుస్తకాలు వెతుకుతుంటే ఫిజిక్స్ బీరువాలో దొరికింది. పేరున్న పేజీ కూడా లేదు. మొదటి పేజీలో శబ్ద తరంగాల మీద ఒక పేరా. లైబ్రరీ ఆయన తిరగేసి, "ఆయ్, సైన్సేనండీ, తీసుకెళ్లండి" అన్నాడు.

రెండో పేజీలో తెలిసింది సంగతి. అదేదో గ్రహం. అక్కడి గాలిలో మాట చావదు. గదిలో ఎవరేమన్నా ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. కథలో ఆమె పని ఇళ్లు కడగడం — కొత్తవాళ్లు దిగే ముందు పాతవాళ్ల మాటలు గోడల మీంచి తుడిచేయడం.

ఒళ్లు మండింది. బీఎస్సీ ఫిజిక్స్ చదివినదాన్ని. శబ్దం వేడిగా మారిపోతుంది, నిలవదు! మూసేశాను. పది నిమిషాలకు మళ్లీ తెరిచాను. సైన్స్ ఫిక్షనంటే రాకెట్లు, రోబోలు, మగపిల్లల సరదా అనుకునేదాన్ని. ఇందులో ఉన్నది ఒక బకెట్టు, ఒక ఆడమనిషి, ఒక ఖాళీ ఇల్లు.

నేను ఏడ్చిన చోటు — ఆమె కడగబోయిన వంటింట్లో వాళ్లమ్మ గొంతు. ఆమె పుట్టకముందుది. ఏదో పని చేసుకుంటూ పాడుకుంటోంది, మధ్యలో నవ్వుతోంది. అమ్మ అలా నవ్వగా ఆమె ఎన్నడూ వినలేదు. కాసేపు నిలబడింది. తుడిచేసింది.

'తుడిచేసింది' — అంతే, అధ్యాయం అయిపోయింది. ఎవరు రాశారిది? వాళ్లకు అమ్మ ఉందా అసలు?

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చి మెట్ల మీద ముగ్గురు పెద్దమ్మలు నా చేతులు పట్టుకున్నారు. "మొహంలోనే తెలుస్తందే పిల్లా!" ఏం తెలుస్తోంది? నేను ఏడ్చిన నూట పన్నెండో పేజీయా?

మస్కట్ నుంచి నాన్న వీడియో కాల్. సైటులో ఉన్నారు, తల మీద హెల్మెట్. "బంగారం... మీ అమ్మ చెప్పింది..." హెల్మెట్ తీసేసి పక్కకు తిరిగారు.

"ఊఁ" అన్నాను నేను. ఎందుకన్నాను!

ఫిబ్రవరి 10, మంగళవారం

పుస్తకం మంచం మీదికి విసిరికొట్టాను. కాగితాలన్నీ ఏరుకుని వరసగా పేర్చేసరికి అరగంట.

కథలో ఆమెకు చెవుడట! అంటే, చెవుడు లేదు. చిన్నప్పుడు ఎవరో అన్నారు, ఈ పిల్లకు వినపడదు అని. ఆ లోకపు చట్టం — నీ గురించి అన్న మాటను ఏడేళ్లు నువ్వు కాదనకపోతే అది నిజం. ఆమె కాదనలేదు. అందుకే ఆ ఉద్యోగం ఇచ్చారు, ఇళ్లలోని గుట్లు వినదని.

వెనక్కి తిప్పి చూశాను. మొదటి పేజీ నుంచీ ఒక్కరు కూడా ఆమెతో మాట్లాడలేదు. అన్నీ సైగలే. కళ్ల ముందే ఉంది. ఎదుటివాళ్ల చెప్పుల అరుగుదల చూసి వాళ్ల నడక చెప్పేస్తానని గొప్పలు పోయేదాన్ని నేను, నూట నలభై పేజీలు గుడ్డిదానిలా చదివాను.

ఫిబ్రవరి 11, బుధవారం

అమ్మ బండారులంక వెళ్లి బాప్తిస్మానికి తెల్ల చీర తెచ్చింది. "మందం చూడు. మునిగి లేచినా ఒంటికంటుకోదంట."

"అమ్మా, ఆ రోజు నేను చదివింది—"

"తెల్సు తల్లీ. ఈ వారమంతా సాతాను ఇలాగే వెనక్కి లాగుతాడని పాస్టరు గారు ముందే చెప్పేరు."

నేను చెప్పేలోపే జవాబు సిద్ధం.

దేవుడంటే పడక కాదు. రోజూ ప్రార్థన చేసుకుంటాను, నా తీరులో. కానీ నీళ్లలో, నడుం లోతున, అందరి ముందూ పాస్టరు గారు అడుగుతారు — మనఃపూర్వకంగా నమ్ముతున్నావా? అవునని చెప్పాల్సింది నేను. అక్కడ అమ్మ చెప్పడానికి లేదు.

ఫిబ్రవరి 12, గురువారం

అయిపోయింది. పుస్తకంలో ఆమె చివరిదాకా నోరు విప్పలేదు. చనిపోయాక ఆమె ఇల్లు కడగడానికి ఎవరో వచ్చారు. తుడవడానికి అక్కడ ఒక్క మాటా లేదు.

ఒక్క మాటా లేదు!

సాయంత్రం దాకా ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని మంచం మీదే కూర్చున్నాను. అమ్మ గుమ్మంలోంచి చూసి, చప్పుడు కాకుండా వెళ్లిపోయింది. మళ్లీ.

ఫిబ్రవరి 13, శుక్రవారం

లైబ్రరీకి వెళ్లి, ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగాను. "ఫిజిక్సాండీ? బీరువా నిండా ఉన్నాయండీ!"

ఫిబ్రవరి 14, శనివారం

జిప్పు తీసి పుస్తకం కవరుతోనే అమ్మ చేతిలో పెట్టాను. నాలుగు పేజీలు తిప్పింది. అద్దాలు పెట్టుకుని మళ్లీ తిప్పింది.

"వాక్యం ఏదే?"

"లేదు. కథ."

"కథకా ఏడ్చేవు?"

"ఆఁ."

"ఎవరో ఊరూ పేరూ లేనిదాని కోసం... నిజంగా ఏడ్చేవా?" కోపం కాదు. నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. జిప్పు మూసేసింది.

"ఎవరికీ చెప్పకు. ముప్పై మందికి భోజనాలు చెప్పేను. మీ నాన్న సెలవు పెట్టుకుని ఫోన్ ముందు కూర్చుంటానన్నారు. మునిగి లేస్తే నీకు పోయేదేముందే? నమ్మకం మెల్లిగా అదే వస్తది."

రావచ్చు. వస్తే అప్పుడు దిగుతాను.

రేపు రేవుకి వెళ్తాను. తెల్ల చీర కట్టను. పాస్టరు గారికి, నాన్నకు నేనే చెబుతాను. నీళ్లలోకి దిగను.