బీరువా మీది కెమెరా

జూలై 4, శుక్రవారం

బీరువా మీద పెట్టేశారు. కోడిగుడ్డంత, తెల్లగా, మధ్యలో నల్లటి కన్ను. నన్ను ఒక్క మాట అడగలేదు. అన్నయ్యగారు, అంటే మా ఆడపడుచు భర్త, స్టూలెక్కి బిగిస్తుంటే ఈయన కింద స్టూలు పట్టుకుని నిలబడ్డారు. మా ఆడపడుచు కల్యాణి మంచం మీద కూర్చుని వాళ్ళమ్మ తల నిమురుతూ, "నీకోసమే వదినా, నీకూ సాయంగా ఉంటుంది" అంది.

సాయమట. డైపర్ మారుస్తుందా?

అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి వేసవంతా గడిచింది. ఈ వేసవిలో కల్యాణి ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. గన్నవరం ఎంత దూరం? బెంజ్ సర్కిల్లో బస్సెక్కితే అరగంట. రాదు. ఇక నుంచి వాళ్ళ బట్టల షాపు కౌంటర్లో కూర్చుని చూస్తుంది.

ఆ యాప్ నా ఫోన్లో కూడా వేశారు అన్నయ్యగారు. "నాకెందుకండీ, నేను గదిలోనే ఉంటాను కదా" అన్నాను. "ఉండనీమ్మా, పడి ఉంటుంది" అన్నారు.

జూలై 5, శనివారం

ఏదైనా కదిలితే ఫోన్లో గంట మోగుతుంది. పొద్దున్న మోగితే చూశాను. కదలిక కనిపించిందట. చీపురు పట్టుకున్న నేనే. నేను ఊడిస్తే గన్నవరంలో గంట! నా ఫోన్లో దాని నోరు నొక్కేశాను. అక్కడ మోగుతూనే ఉంటుంది, మోగనీ.

జూలై 8, మంగళవారం

అది మాట్లాడుతుంది కూడా.

జావ తాగిస్తున్నాను. ఉన్నట్టుండి బీరువా పైనుంచి — "వదినా, అమ్మకి దుప్పటి జారింది చూడు." గిన్నె చేతిలోంచి జారి చీరంతా జావ.

నా సంగతి సరే. అత్తయ్యగారు కూతురి గొంతు విని గభాలున తలుపు వైపు తల తిప్పారు. కల్యాణి వచ్చిందనుకున్నారు. గొంతు ఆగిపోయింది, చూపు మాత్రం తలుపు మీదే. స్పూను నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించారు. కూతురు లోపలికొస్తే తాగుదామని కాబోలు. చివరికి కళ్ళమ్మట నీళ్ళు. ఈవిడ కన్నీళ్ళు నేను చూడ్డం ఇదే మొదలు.

పాపిష్టి పెట్టె. చెయ్యి అందితే నేలకేసి కొట్టేదాన్ని. అందులోంచి మాట్లాడినదాన్ని ఏం చెయ్యాలో నాకు తెలీదు.

జూలై 11, శుక్రవారం

ఇవాళ బీరువా పలికినవి: "ఫ్యాన్ కాస్త తగ్గించు వదినా." "ఒళ్ళు తుడిచావా?" "ఎవరో బెల్లు కొడుతున్నారు చూడు."

నాకూ చెవులున్నాయమ్మా.

జూలై 12, శనివారం

కరెంటు పోయింది. కెమెరా కన్ను ఆరిపోయింది. ఒళ్ళంతా చెమట, విసనకర్రతో ఒక చెయ్యి లాగేస్తోంది... అయినా పండగలా ఉంది.

జూలై 14, సోమవారం

ఈయనతో చెప్పాను. ఆటోనగర్ నుంచి వచ్చి చొక్కా విప్పుతూ — "దానికీ అమ్మే కదా. బెంగపడుతోంది. నువ్వే సర్దుకోవాలి."

స్పేర్ పార్టుల షాపులో కెమెరా పెడదామని పార్ట్‌నర్ అంటే, "నమ్మకం లేదనుకుని పనివాళ్ళు నొచ్చుకుంటారు" అని వద్దన్న మనిషి ఈయన. గుమాస్తాలకున్నపాటి మర్యాద నాకు లేదు.

అయినా ఈ నిఘా నాకు కొత్తా? పెళ్ళైన కొత్తలో ఈవిడే కదా నాకు కెమెరా. వంటింటి గుమ్మంలో నిలబడేవారు. పోపులో నూనె ఎంత పోశాను, పాలలో నీళ్ళెన్ని కలిపాను, పుట్టింటికి ఫోన్లో ఏం చెప్పాను. వెనక నుంచి ఒకటే మాట — కానీయ్, కానీయ్. ఎంత గబగబా చేసినా కానీయ్. జబ్బుతో మాటలన్నీ పోయి ఆ ఒక్కటీ మిగిలింది. నీళ్ళు కావాలన్నా కానీయ్, నడుం నొప్పన్నా కానీయ్. పైవాడి వెటకారం నా మీదే.

జూలై 17, గురువారం

మధ్యాహ్నం గిన్నెలు కడిగాక అత్తయ్యగారి మంచం అంచున కూర్చుని ఫోన్లో బుడగలు పేల్చుకోవడం — రోజు మొత్తంలో నాది అనుకునేది అదొక్కటే. ఒకే రంగు బుడగలు గుంపుగా కనిపిస్తే వేలు పెట్టాలి, టప్పున పేలిపోతాయి. బుర్ర అక్కర్లేదు. అందుకే ఇష్టం.

ఇవాళ ఒక చోట వేలు పెట్టబోతున్నాను. పక్కనుంచి — "కానీయ్!"

చూస్తే అత్తయ్యగారి కళ్ళు ఫోన్ మీదున్నాయి. నేను తప్పు నొక్కబోతున్నానట! వంటింటి పెత్తనం చాలక ఇక్కడ కూడానా? ఒళ్ళు మండింది. "అయితే మీరే ఆడండి" అని ఫోన్ తీసి పడిపోయిన ఆ కుడి చేతి కిందే పెట్టాను.

వేలు కదిలింది.

చూపుడు వేలు. ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి బంతి చేతిలో పెట్టి "పిసకండి మామ్మగారూ" అని బతిమాలితే గోడ వైపు చూసే మనిషి. ఆ బంతికి కదలని వేలు పచ్చ బుడగ కోసం కదిలింది. వణుకుతూ, పాకుతూ వెళ్ళి... టప్. గుంపంతా ఎగిరిపోయింది.

నవ్వారు. మూతి ఒక పక్కకే తిరిగింది, అయినా నవ్వే.

తలెత్తి బీరువా వైపు చూశాను. మధ్యలో నేనున్నాను. కల్యాణికి కనిపించేది నా వీపు.

చెప్పను. అంత చూస్తోంది కదా, తనే చూసుకోనీ.

జూలై 19, శనివారం

రోజూ ఆటే. గిన్నెలు కడిగి వచ్చేసరికి నా చేతి వంక చూస్తారు, ఫోన్ ఉందా లేదా అని. ఓడిపోతే ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఫోన్ని పక్కకి తోసేస్తారు. నేను దారి చూపించబోతే ఎడం చేత్తో నా చెయ్యి తీసి అవతల పెడతారు. గెలిస్తే మాత్రం నా మొహంలోకి చూస్తారు, చూశావా అన్నట్టు.

మొండి మనిషి. ఇంకా ఏమీ మారలేదు. ఎందుకో నాకు సంతోషంగా ఉంది.

జూలై 21, సోమవారం

ఇవాళ చూపుడు వేలితో పాటు మధ్య వేలు కూడా కాస్త లేచింది. ఫిజియో అమ్మాయి వస్తే చెప్పాలి. ఆవిడకి చెబితే ఈయనకి చెబుతుంది, ఈయన కల్యాణికి చెబుతారు... ఆగస్టులో చెబుతాను.

జూలై 22, మంగళవారం

చుట్టాల గ్రూపులో ఫొటో. నా వీపు, నా జడ, నా చేతుల్లో రంగురంగుల ఫోన్. అవతల అత్తయ్యగారి పాదాలు. ఫొటో కింద కల్యాణి రాసింది — "అమ్మకి సేవ జరుగుతోంది."

ఇక వరసపెట్టి దండాల బొమ్మలు. ఏలూరు పెద్దమ్మ — "ఈ కాలంలో ఎవరిని ఏమనగలం." ఉయ్యూరు చిన్నాన్నగారు ఏడుపు బొమ్మ పెట్టారు. ఈవిడకి జబ్బు చేశాక ఈ గుమ్మం తొక్కినవాళ్ళు కాదు ఒక్కరూ.

ఈయన వచ్చి — "ఆట ఆడింది నిజమేనా?"

"నిజమే" అన్నాను.

ఒక్క మాట చెబితే అయిపోయేది. రండి, మీ అమ్మ చెయ్యి చూడండి అంటే చాలు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. నిజమేనా అని అడిగినవాళ్ళకి నేను రుజువులు చూపించను. ఈ ఇంట్లో నాకు దక్కిన మంచి సంగతి అదొక్కటే, దాన్ని వీళ్ళకెందుకివ్వాలి?

జూలై 23, బుధవారం

కెమెరా మీద తువ్వాలు కప్పాను.

పొయ్యి మీద పాలు పొంగేలోపు షాపు నుంచి ఈయన ఫోన్ — "తువ్వాలు తియ్. కల్యాణి అక్కడ ఏడుస్తోంది."

తీశాను. కల్యాణి ఏడుపు షాపుదాకా వినిపించింది.

జూలై 27, ఆదివారం

కారు వేసుకుని వచ్చారు. "ఆషాఢం వెళ్ళిపోయింది కదా, అమ్మని కొన్నాళ్ళు నా దగ్గర పెట్టుకుంటాను" అంది కల్యాణి. "ఆయమ్మని కూడా మాట్లాడాను. నీకూ ఆడుకోడానికి తీరిక దొరుకుతుంది వదినా."

పుండు మీద కారం చల్లడం దీనికి వెన్నతో పెట్టిన విద్య.

"తీసుకెళ్ళు తల్లీ" అన్నాను. "ఇవి మందులు, ఇవి డైపర్లు. జావ పల్చగా కాయించు. రాత్రి ఎడం పక్కకి తిప్పి పడుకోబెట్టు. మీ అమ్మ, నీ ఇష్టం." గొంతు పెద్దదైంది. ఈయన ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నారు, అందులో ఏదో రాసి ఉన్నట్టు.

కుర్చీలో కూర్చోబెట్టి గుమ్మం దాటిస్తుంటే అత్తయ్యగారు నా వైపు తల తిప్పి, "కానీయ్" అన్నారు.

"చూశావా, త్వరగా వెళ్దామంటోంది" అంది కల్యాణి.

ఆవిడ చూస్తున్నది నా చేతిలోని ఫోన్. నాకు తెలుసు. నోరు విప్పలేదు. కోపంలో ఉన్నాను.

చివర్లో అన్నయ్యగారు స్టూలెక్కి కెమెరా విప్పుకుని జేబులో వేసుకున్నారు. ఈసారి స్టూలు నేను పట్టుకున్నాను.

జూలై 28, సోమవారం

హాయిగా ఉంది. మధ్యాహ్నం కాళ్ళు చాపుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు గానీ హాయిగానే ఉంది.

జూలై 30, బుధవారం

బుడగల ఆట. తప్పు చోట నొక్కాను. ఎవరూ ఏమీ అనలేదు.

మూసేశాను.

ఆగస్టు 1, శుక్రవారం

ఆ దిక్కుమాలిన యాప్ ఇంకా నా ఫోన్లో ఎందుకని, తీసేద్దామని నొక్కాను. తెరుచుకుంది.

గులాబీ రంగు గోడ. ఏసీ. కొత్త మంచం మీద అత్తయ్యగారు. ఆయమ్మ ఒక మూల సెల్ చూసుకుంటోంది. కెమెరాలోంచి కల్యాణి గొంతు — "ఆయమ్మా, మంచినీళ్ళు పట్టావా?" అత్తయ్యగారు తలుపు వైపు తిరిగారు.

నా పేరు తీసేయడం మర్చిపోయారు. నేను కూడా అంతే కదా వాళ్ళకి, పడి ఉంటుంది అనుకున్నారు.

ఆగస్టు 2, శనివారం

మళ్ళీ చూశాను. కల్యాణి షాపు నుంచి రాగానే చీరైనా మార్చుకోకుండా వాళ్ళమ్మకి జడ వేసింది. అన్నం మెత్తగా పిసికి పెట్టింది. మూతి తన కొంగుతోనే తుడిచింది. బాగానే చూసుకుంటోంది. దూరపు కొండలు నునుపని ఇన్నాళ్ళూ దాన్ని ఆడిపోసుకున్నాను, దగ్గర్నుంచి కూడా బాగానే ఉంది. నా మంటంతా అదే.

"ఏం చూస్తున్నావు అంతలా?" అన్నారు ఈయన.

"ఆట" అన్నాను.

ఆగస్టు 3, ఆదివారం

మధ్యాహ్నం. గిన్నెలు సింకులోనే ఉన్నాయి. యాప్ తెరిచాను.

అత్తయ్యగారి కుడి చెయ్యి దుప్పటి మీద ఉంది. చూపుడు వేలు కదులుతోంది. ఒక చోట నొక్కి, ఆగి, వెతుక్కుని, ఇంకో చోట నొక్కి. కింద ఫోన్ లేదు. ఉత్త దుప్పటి.

కల్యాణి వచ్చింది. వణుకనుకుంది కాబోలు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని రాసింది, ముద్దు పెట్టుకుంది. తర్వాత దుప్పటి లోపల పెట్టి, అంచు పరుపు కిందికి గట్టిగా దోపింది. నా జన్మలో నేనెప్పుడూ అంత ప్రేమగా ఆవిడకి దుప్పటి కప్పలేదు.

"కానీయ్" అన్నారు అత్తయ్యగారు.

"అయిపోయిందమ్మా, అయిపోయింది. పడుకో" అంది కల్యాణి, కర్టెన్లు వేసి, లైటు తీసేసి వెళ్ళింది.

దుప్పటి కింద ఇంకా చిన్నగా కదులుతోంది.

తెర మీద మైకు బొమ్మ. దాని మీద నా బొటనవేలు. నొక్కి ఏమంటాను? "అత్తయ్యగారూ" అంటే చాలు, తలుపు వైపు తిరుగుతారు. నేను వచ్చాననుకుంటారు. అలాగే చూస్తూ ఉండిపోతారు. వేలు తీసేశాను.

కల్యాణికి ఫోన్ చేస్తే? "వేలు కదులుతోందని ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు వదినా?" అంటుంది. ఈసారి అది అడిగేది న్యాయమే. దానికి న్యాయం ఒప్పజెప్పడమంటేనే నాకు ప్రాణం మీదికొస్తోంది.

హాల్లోంచి ఈయన — "ఇంకా ఆటేనా?"

గన్నవరం ఎంత దూరం, బస్సెక్కితే అరగంట అని ఈ డైరీలో రాసింది నేనే.

చీర మార్చుకున్నాను. యాప్ మూయకుండానే ఫోన్ ఛార్జింగులో పెట్టాను. చెప్పులు వేసుకున్నాను, విప్పి మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

ఛార్జింగులో ఉన్న ఫోన్లోంచి, చీకటి గదిలోంచి, సన్నగా — కానీయ్.