బుల్లియ్య పట్టుకుపోయిన ముక్క

రాజమహేంద్రవరం,
ఆదివారం.

అమ్మా,

నీ పెద్దకూతురు రత్నం దండం పెట్టి రాస్తోంది. నాకు జ్వరం లేదు, జలుబు లేదు, బాగానే ఉన్నాను. నువ్వు, తమ్ముడు, మరదలు, నా చిట్టితల్లి అందరూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? తైలం అయిపోతే తమ్ముడితో చెప్పు, ఓర్చుకుని కూర్చోకు. నీకు ఆ అలవాటొకటి ఉంది.

ఫోనుండగా ఉత్తరం ఏంటే అంటావు. ఫోను చేస్తే తమ్ముడు స్పీకరు పెడతాడు, నా పిల్ల వచ్చి నీ ఒళ్ళో కూర్చుంటుంది, మరదలు పొయ్యి దగ్గర్నుంచే చెవులు రిక్కిస్తుంది. ఈ మాట నీకొక్కదానికే చెప్పాలి. కూడబలుక్కుని చదువుకుంటావని అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను. ఆలస్యమైనా నువ్వే చదువు. పిల్ల చేత చదివించావో, నా మీద ఒట్టే.

ఇక్కడ ముగ్గురు ఆయాలం కలిసి ఒక గదిలో ఉంటున్నాం. ఇంటావిడ మంచిదే గానీ నీచు వాసనంటే ముక్కు మూసుకుంటుంది. అయినా మనూరి నుంచి ఎవరైనా వస్తుంటే ఎండు మెత్తళ్ళు కాసిని పంపు. ఆవిడ గుడికి వెళ్ళినప్పుడు వేయించుకుంటాం. ఆసుపత్రి క్యాంటీను సాంబారు తిని తిని నా నాలుక చచ్చిపోయింది. ఎండలు చెప్పక్కర్లేదు, రాజమండ్రి ఎండ నీకు తెలిసిందే. పని కష్టమే గానీ అలవాటైంది, నువ్వు దిగులు పెట్టుకోకు. నేను బాగానే ఉన్నాను.

ఒక్కటే నాకు పడనిది. ఈ గోదారి చప్పుడు చేయదమ్మా. మన సముద్రం అస్తమానం అరుస్తూనే ఉంటుంది, ఎక్కడుందో తెలుస్తుంది. ఇది ఆసుపత్రి వెనకాలే ఉండి ఉలకదు, పలకదు. మా వార్డు వెనక తలుపు తీస్తే గట్టు, గట్టు దిగితే నీళ్ళు. వచ్చిన కొత్తలో ఆ నిశ్శబ్దానికే నాకు నిద్ర పట్టేది కాదు.

ఇక అసలు సంగతి. మా వార్డులోకి పెద్దియ్య అనే తాతను తెచ్చారు. మనవాళ్ళే, కాకపోతే ఏటి మీద చేపలు వేటాడేవాళ్ళు. దిగువన లంకలో ఇల్లు. తోడుగా ఆయన భార్య మంగమ్మ మామ్మ వచ్చింది. తాతకు లివర్లో చీము పట్టింది. డాక్టరు గారు కుడి పక్కలోంచి సన్నని గొట్టం పెట్టి, చీమంతా మంచానికి తగిలించిన సంచిలోకి దిగేలా చేశారు. జ్వరంతో తాతకు ఒళ్ళు తెలియడం లేదు. ఆ గొట్టం ఉంటేనే బతుకుతాడు, లేకపోతే లేదు. అది మామ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ గొట్టం మధ్యలో ఒక చిన్న జాయింటు పెట్టారు. మా వార్డుకు కొత్తగా వచ్చిన సరుకు. మా గ్రేసమ్మ సిస్టర్ గారు నాకు విప్పి చూపించారు.

"చూడు రత్నం, పేషెంటు దొర్లినా, ఎవరి కాలైనా తగిలి గుంజినా ఇది ఇక్కడే ఊడిపోద్ది. రెండు ముక్కలూ వాటంతటవే మూసుకుంటాయి, చుక్క కారదు. ఊడిన ముక్కలు తీసేసి కొత్తది పెట్టుకుంటాం. ఇది లేదనుకో, ఆ గుంజుడు లోపలిదాకా వెళ్ళి గొట్టమే ఊడొచ్చేద్ది. అప్పుడు మనిషి దక్కడు."

మంచిదేనండీ అనుకున్నాను. ఆ మంచిదే నా ప్రాణం తోడేసింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం భోజనాల వేళ దాటాక చూస్తే జాయింటు ఊడి ఉంది. తాత కదల్లేదు, మంచం ఎవరూ జరపలేదు. సిస్టర్ గారు కొత్తది పెట్టారు. ఆ మర్నాడు మళ్ళీ అదే వేళకు ఊడింది. ఇంకేముంది, "దుప్పటి మార్చేటప్పుడు చూసుకోవద్దా రత్నం?" అని నా మీద పడ్డారు. నేను ముట్టుకోలేదండీ అని ఎంత చెప్పినా వింటేగా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటున్నానని తోటి ఆయాలు నవ్వారు.

నాకు ఒళ్ళు మండి, ఆ మర్నాడు అన్నం మానేసి మంచం పక్కనే స్టూలేసుకు కూర్చున్నాను. వార్డంతా కునుకు తీస్తోంది. చూస్తుండగా తాత మోకాలు మెల్లగా మడిచాడు. కాలి వెంబడి పోతున్న గొట్టాన్ని బొటనవేలికి చుట్టుకున్నాడు, చుట్టుకుని బిగించాడు. టక్కున జాయింటు ఊడింది. నేను, మామ్మ పగలబడి నవ్వాం. మనవాళ్ళు గేలం దారం బొటనవేలికి చుట్టుకుని పడవలో కునుకు తీస్తారు కదా, చేప లాగితే తెలుస్తుందని. జ్వరంలో కూడా ఆ అలవాటు పోలేదు ఆయనకి. తాడును చూసి పామనుకున్నట్టయింది మా పని. సిస్టర్ గారు కూడా నవ్వి, తాత కాళ్ళకు మేజోళ్ళు తొడిగించి, సంచిని కాళ్ళకు అందకుండా నడుము దగ్గరికి మార్పించారు. ఆ పూట నాకు హాయిగా నిద్ర పట్టింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మళ్ళీ ఊడిందమ్మా.

మేజోళ్ళు మేజోళ్ళలాగే ఉన్నాయి. చేతులు దుప్పటి కింద ఉన్నాయి. మామ్మ అక్కడే కూర్చుని ఉంది. ఆవిడ ముఖం చూస్తే నెత్తురు చుక్క లేదు.

"ఏంటి మామ్మా, నువ్వు చూశావా?" అన్నాను.

"చూడ్డానికేముంది అమ్మడూ. మా మరిది లాగుతున్నాడు," అంది.

అప్పుడు చెప్పింది. తాతకు బుల్లియ్య అని తమ్ముడు ఉండేవాడట. కవల పిల్లల్లా ఒకరిని విడిచి ఒకరు ఉండేవారు కారట. వరద నీళ్ళలో ఇద్దరూ వల వేశారు. వల అడుగున ఏదో మానుకు పట్టుకుంది, తాడు బుల్లియ్య కాలికి చుట్టుకుంది, పడవ ఒరిగిపోతోంది. ఆ తాడు కోస్తే తమ్ముడు వలతో పాటు పోతాడు, కోయకపోతే ఇద్దరూ పోతారు. తాత కోశాడు. అది మిట్టమధ్యాహ్నం.

"శవం దొరకలేదు. ఈయన ఆ తర్వాత ఏ రోజూ మధ్యాహ్నం నిద్రపోయి ఎరగడు, గట్టు మీద కూర్చునేవాడు. ఇప్పుడు ఒళ్ళు తెలీకుండా పడుకున్నాడు కదా, వాడికి సందు దొరికింది," అంది మామ్మ. ఏడవలేదు కూడా.

నేను ధైర్యం చెప్పాను. చెప్పాను గానీ, ఆ సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు వెనక తలుపు గడియ నేనే వేసి వచ్చాను.

మర్నాడు వెళ్ళేసరికి మామ్మ ఏం చేసిందనుకున్నావు? వలలు అల్లే నైలాను దారానికి పసుపు రాసి, కొత్త జాయింటు మీద చుట్లు చుట్లుగా చుట్టి ముడేసింది. మనవాళ్ళ ముడే. లాగేకొద్దీ బిగుస్తుంది తప్ప ఊడదు. పైన దుప్పటి కప్పేసింది, సిస్టర్ గారికి కనబడకుండా.

"మామ్మా, ఇది తప్పు. ఇది ఊడాలనే పెట్టారు. ఊడకపోతే లోపలి గొట్టమే వచ్చేస్తుంది," అన్నాను.

"ఊడితే వాడు తీసుకుపోతాడే! రోజూ ఊడగొట్టి చూసుకుంటున్నాడు. ఇవాళ ఊడనివ్వను. నా పసుపుకుంకాల మీద కట్టాను ఈ ముడి, దీని మీద చెయ్యేశావంటే ఊరుకోను," అని నా చెయ్యి తోసేసింది.

సిస్టర్ గారికి చెబుదామని వెళ్తే ఆవిడ ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు. ఉన్న ఇంకో చిన్న సిస్టరు పక్క వార్డులో ఎవరికో సెలైను ఎక్కిస్తోంది. వస్తానంది, రాలేదు. నేను వెనక్కి పరుగెత్తుకొచ్చేసరికి ఆ వేళ కానే అయింది.

అమ్మా, నేను అబద్ధం రాయడం లేదు. ముందు సంచి కొక్కెం నుంచి తప్పుకుని నేల మీద పడింది. పడ్డది పడ్డట్టు ఉండలేదు, వెనక తలుపు వైపు జరిగింది. ఆ తలుపు ఎవరు తీశారో, ఓరగా తెరిచి ఉంది. గొట్టం నేల మీంచి లేచి బిగిసింది, గేలానికి పెద్ద చేప పడ్డప్పుడు దారం బిగుస్తుందే, అలా. తాత పక్కలో కుట్లు వేసిన చోట చర్మం పైకి లేచింది. ఆయన కళ్ళు తెరవకుండానే అబ్బా అని మూలిగాడు.

నేను రెండు చేతులతో గొట్టం పట్టుకున్నాను. ఆ లాగుడు నా చేతులకు తెలిసింది. ఒకసారి గుంజడం, కాస్త ఆగడం, మళ్ళీ గుంజడం. ఒడ్డున నిలబడి వల లాగేవాడి పట్టు అది. పుట్టినప్పట్నుంచి చూస్తున్నదాన్ని, నాకు తెలియదా? కుక్క లాక్కుపోయిందేమోనే అంటావు. కుక్కయితే నా కళ్ళకు కనబడదా? అటువైపు ఎవరూ లేరమ్మా.

"కొరికెయ్ మామ్మా, ముడి కొరికెయ్!" అని అరిచాను.

"ఊడితే పోతాడేమోనే!"

"ఊడకపోతే ఇప్పుడే పోతాడు, చూడు!"

చూసింది. కుట్ల దగ్గర ఎర్రగా చెమ్మ తేలింది. ఇంకేం ఆలోచించలేదు, వంగి ముడిని పంటితో పట్టుకుంది. వలలు అల్లీ అల్లీ దారం కొరకడం అలవాటైన పళ్ళు. పసుపు దారం తెగీ తెగగానే టక్ మని జాయింటు ఊడింది. తాత వైపు ముక్క నా చేతిలో నిలిచిపోయింది. రెండోవైపు ముక్క, గొట్టం, చీము సంచి అన్నీ గచ్చు మీద జరజరా పోయి, పక్క మంచం కిందకు దూరాయి. వంగి చూశాను. అక్కడ లేవు. తలుపు దాకా వెళ్ళి చూశాను. గట్టు మీద ఎండ తప్ప ఏమీ లేదు.

మామ్మ నేల మీద కూలబడింది. కాసేపటికి నోట్లో దారప్పోగు ఊసేసి నవ్వింది. "పట్టుకుపోనీ. చీమూ నెత్తురూ వాడికి, మనిషి నాకు," అంది.

సిస్టర్ గారు వచ్చి తాత వైపు ముక్క తీసేసి, కొత్త జాయింటు, బయటికి కొత్త గొట్టం, కొత్త సంచి పెట్టారు. మిగతా పాతవి ఏవంటే డబ్బాలో వేశానని చెప్పాను. ఏం చెప్పమంటావు మరి? తాత వైపు ముక్క ఒక్కటే డబ్బాలో కనబడితే దొరికిపోతానని, దాన్ని కడిగి నా సంచిలో దాచుకున్నాను.

ఆ పూటతో జ్వరం దిగింది. తర్వాత ఒక్కసారి కూడా జాయింటు ఊడలేదు. తాత లేచి కూర్చున్నాడు, జావ తాగాడు. గొట్టం తీసేశారు. మామ్మ సంబరం పట్టలేక జరిగిందంతా ఆయనకు చెప్పేసింది. నవ్వుతాడనుకున్నాను. గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాడమ్మా, ఈ వయసు మనిషి, చిన్నపిల్లాడిలా. "రెండోసారి కూడా వాడు ఒక్కడే పోయాడు," అన్నాడు.

నిన్న ఇంటికి పంపించారు. మామ్మ ఆటో పిలవడానికి వెళ్ళినప్పుడు తాత నన్ను దగ్గరికి పిలిచాడు. "నీ దగ్గరో ముక్క ఉందటగా అమ్మాయ్, ఇలా ఇయ్యి," అన్నాడు. మామ్మకు కూడా చెప్పలేదు నేను దాచుకున్నానని. ఎలా తెలిసిందో నాకు తెలియదు.

"ఎందుకు తాతా నీకు?"

"వాడి దగ్గరున్నదానికి జత ఇదే కదమ్మా."

అంత బతిమాలినట్టు చూస్తుంటే లేదనలేకపోయాను. ఇచ్చేశాను. ఆయన చొక్కా ఎత్తి దాన్ని మొలతాడుకు కట్టుకున్నాడు, మనవాళ్ళ ముడే వేసి. అంతలో మామ్మ వచ్చింది. నా చేతిలో అరటిపళ్ళు పెట్టి, నీ కడుపు చల్లగుండ అని దీవించి, మొగుణ్ణి జాగ్రత్తగా ఆటో ఎక్కించుకుని వెళ్ళింది. పక్కన మామ్మ ఉందని, అది విప్పెయ్ తాతా అని నేను ఒక్క మాట చెప్పలేకపోయాను. వాళ్ళ ఇల్లు నీటి ఒడ్డునే అమ్మా.

పిల్లను బాగా చూసుకో, స్కూలు మాన్పించకు. తమ్ముణ్ణి, మరదల్ని అడిగానని చెప్పు. పెదనాన్న గారికి, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. మీరు నా గురించి బెంగపెట్టుకోకండి, నేను బాగానే ఉన్నాను.

ఇచ్చింది తప్పో ఒప్పో నిన్ను అడుగుదామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రాస్తుంటేనే తెలిసిపోయింది, నీ జవాబు వచ్చేదాకా నేను ఆగలేను. ఇవాళ్టికి పొద్దుపోయింది, రేపు సెలవు పెట్టి వాళ్ళ లంకకు వెళ్తున్నాను. మామ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ ముడి నా చేత్తో కోసి తెస్తాను. పొద్దున్నే మొదటి బస్సుకు బయలుదేరుతాను, రేవు కూడా దాటాలి. మధ్యాహ్నం లోపు చేరేలా దీవించమ్మా.

నీ కూతురు,
రత్నం