మూడో దెబ్బ మీద

నవంబర్ 4, మంగళవారం
ఉదయం పదకొండు గంటలకు డాక్టర్ తేల్చి చెప్పింది. మా చర్చి డ్రమ్మర్ సాల్మన్ కుడి చీలమండ ఇక పూర్తిగా వంగదు. నడవొచ్చు. బండి నడపొచ్చు, జాగ్రత్తగా. కుడి కాలితో తొక్కి పెద్ద డ్రమ్ము మోగించే పెడల్ సంగతి నేనే అడిగాను.
"అప్పుడప్పుడు తొక్కొచ్చు. ఆపకుండా తొక్కితే మళ్లీ వాస్తుంది."
ఆమె అన్నది ఇంతే.
సాల్మన్ ఎక్స్‌రే వైపు చూడలేదు. గోడ మీది ఫ్యాన్ చూస్తూ కూర్చున్నాడు.
ఆటోలో అన్నాడు — "డ్రమ్స్ ఆదిలాబాద్ చర్చికి ఇచ్చేస్త రా. ఆడి పాస్టర్ అయ్యగారు ఎప్పటిసంది అడుగుతుండు. నువ్వు ఎల్లుండి అటే పోతవు గద. జర చెప్పు."
 

నవంబర్ 5
వానాకాలంలో చర్చి మెట్ల మీద స్పీకర్ దింపుతూ సాల్మన్ జారాడు. అప్పటి నుంచి డ్రమ్స్ మీద దుప్పటి. పాటలకు కీబోర్డులోని తాళమే. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చప్పట్లు మాత్రం పల్చబడ్డాయి.

నవంబర్ 6, ఆదిలాబాద్ వెళ్తూ
బస్సులో జమైకా దేశపు పాత రెగే పాటలు. సాల్మన్ షార్జా నుంచి తెచ్చిన క్యాసెట్లలోవే, ఇప్పుడు ఫోన్‌లో. ఆ క్యాసెట్లకు అట్టలు లేవు, పేర్లూ లేవు. డ్రమ్మర్లు ముగ్గురని వాయించే తీరును బట్టి పోల్చుకున్నాం. మేమే పేర్లు పెట్టాం — తాత, పోలీసు, దర్జీ. అసలు పేర్లు ఇవాళ వెతికితే దొరుకుతాయి. వెతకబుద్ధి కాలేదు.
పోలీసు: తాళంలోని నాలుగు దెబ్బలకూ పెద్ద డ్రమ్ము తొక్కుతాడు. కవాతు. ఎక్కడా ఆగడు.
దర్జీ: పైనున్న ఇత్తడి పళ్లేల మీద పుల్లలు కుట్టుమిషన్ సూదిలా నడుస్తాయి. కాలు ఎక్కడ పడుతుందో ముందుగా తెలియదు.
తాత: మొదటి దెబ్బ వదిలేస్తాడు. అక్కడ ఏమీ ఉండదు. మూడో దెబ్బకు కాలూ పుల్లా ఒకేసారి పడతాయి. మళ్లీ ఖాళీ.
సాల్మన్ పోలీసు మనిషి. అతని పెళ్లి కాకముందు నుంచీ అదే వాదన. "తాతదేం కొట్టుడు రా? నిద్రల ఉలిక్కిపడ్డట్టు ఉంటది." నేను తాత వైపు. అప్పట్లో నేను బేస్ గిటార్ వాయించేవాణ్ణి, నాకు ఆ ఖాళీ కావాలి. అంతకుమించి నా దగ్గర వాదన ఉండేది కాదు.

అదే రోజు, సాయంత్రం
మార్కెట్ యార్డులో పత్తి తేమ మీద గొడవ. పేపర్‌కు వార్త రాసి పంపాను.
తర్వాత చర్చికి వెళ్లి అక్కడి అయ్యగారికి సాల్మన్ మాట చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.
"మావోళ్లు ఇప్పటికీ బకెట్లు కొడుతుండ్రన్నా. మీ దేవుడికి చెవులు లేవా అని పక్కింటాయన అడుగుతుండు. సోమవారం పొద్దుగాల బండి పంపుతం."
ఆయన సంతోషం నిజం. కాదనడానికి నేనెవరిని...
తిరుగు బస్సు నిర్మల్ దాటాక తట్టింది. పోలీసు నాలుగుసార్లు తొక్కే చోట తాత ఒక్కసారే తొక్కుతాడు.
డాక్టర్ అన్నది — అప్పుడప్పుడు.
ఇన్నేళ్లూ ఎవరు గొప్ప అని పోల్చాం. ఎవరి కాలికి ఎంత పని అని ఎన్నడూ పోల్చలేదు.

నవంబర్ 7
సాల్మన్ ఇల్లు. తాత లెక్కన కొడితే కాలికి పని తక్కువని చెప్పాను.
"అంటే కుంటోడు కొట్టే తీరని చెప్తున్నవా?"
"తాత కుంటోడు కాదు."
"నాకెర్కనే. గాయినె కావాలని వదిలిండు. నాకు రాక వదిలినట్టు ఉంటది. ఫరక్ లేదా?"
తేడా ఉంది. 
వంటింట్లోంచి అతని భార్య సునీత — "అన్నా, డ్రమ్స్ ఇస్తనని చెప్పినకాడికెల్లి ఈయన కంచం మీద వేళ్లతోటి కొడుతనే ఉండు. నేను కంచం గుంజుకుంటే మంచం మీద కొడుతుండు. మంచం గూడ ఆదిలాబాద్‌కే ఇద్దామా?"
సాల్మన్ నవ్వలేదు. చెప్పులు ఎక్కడ అని అడిగాడు.

నవంబర్ 8, శనివారం
కోత పండుగ పాటల రిహార్సల్. దుప్పటి తీసింది సునీత. తుడిచింది కూడా.
సాల్మన్ తాతలా కొట్టిన మొదటి పాట ఘోరం. పాడేవాళ్లకు మొదటి దెబ్బ వినబడలేదు. మూడోదాన్నే మొదటిది అనుకుని అక్కడ ఎత్తుకున్నారు. డ్రమ్స్ ఒక దారి, పాట ఒక దారి. మా అయ్యగారు కళ్లద్దాలు తీసి, "మొదటి దెబ్బ యాడ పెట్టినవ్ నాయినా?" అని అడిగారు. అంతా నవ్వారు. సాల్మన్ చెవులు ఎర్రబడ్డాయి. పుల్లలు ఒళ్లో పెట్టుకున్నాడు.
ఇక లేస్తాడనుకున్నాను.
సునీత ముందు వరుసలో పాడే మనిషి. చప్పట్లు మొదలుపెట్టింది. మా దగ్గర భజన అయినా కీర్తన అయినా చప్పట్లు మొదటి దెబ్బ మీదే. అందరూ అందుకున్నారు. సాల్మన్ కాసేపు విని మూడో దెబ్బ మీద పడ్డాడు.
పాట నిలబడింది.
సగంలో మళ్లీ ఆపాడు. "ఆడ చప్పట్లు కొట్టద్దు. ఖాళీ ఉండాలె."
"ఖాళీ ఉంటే మాకు పాట అందదు. నీకు ఆడ కాలు అందదు," అంది సునీత. "మాది మేం కొడ్తం. నీది నువ్వు కొట్టు."
క్యాసెట్‌లో తాత చేసేది ఇది కాదు. తాత వింటే ఒప్పుకోడేమో. తాత వైపు మనిషిగా ఆ మాట నేనే చెప్పాలి. నేనూ చప్పట్లు కొట్టాను.
వరుసగా మూడు పాటలు. నాలుగోదానికి అలవాటు ముంచుకొచ్చింది — చివరి చరణంలో పోలీసులా నాలుగు దెబ్బలూ తొక్కాడు. ముఖం మారింది. అయినా పాట అయ్యేదాకా ఆపలేదు.
బయట అరుగు మీద చీలమండ చూశాను. వాచింది. ఎంత అంటే చెప్పలేను. చెప్పు పట్టీ మాత్రం పట్టలేదు. సునీత ఐసు గడ్డ తువ్వాలలో చుట్టి కట్టింది.  
"ఆదిలాబాద్‌కు ఫోన్ చేసి చెప్పనా?" అని అడిగాను.
"ఏమని?"
"నువ్వే చెప్పు."
సాల్మన్ చర్చి తలుపు వైపు చూశాడు. డ్రమ్స్ మీద దుప్పటి కప్పలేదు. మర్చిపోయాడో, కావాలనో.
"రేపు కొట్టి చూస్త," అన్నాడు. "తాత లెక్కనే. పోలీసు అడ్డమొస్తే నువ్వు బేస్ ఆపు. నాకు సమజైతది."
అంటే బేస్ నేను వాయించాలి. తీగలకు తుప్పు పట్టి ఉంటుంది. ఇంటికొచ్చి చూశాను. పట్టింది.
ఆదివారం తొమ్మిదిన్నరకు కోత పండుగ ఆరాధన. పాటలు నాలుగు. సోమవారం ఎనిమిదికి డ్రమ్స్ కోసం ఆదిలాబాద్ నుంచి బండి; రావద్దని ఇంకా ఫోన్ చేయలేదు.