నిన్న మైకు నేనే పట్టుకున్నాను

అమ్మకు, నేను కులాసా, మీరంతా కులాసాయేనని తలుస్తాను.

రైళ్ళ రాకపోకలు చెప్పే అక్కగారి గొంతు నిన్న జలుబుతో పూర్తిగా పోయింది. అదే సమయానికి రైలు వేరే ప్లాట్‌ఫారానికి మారింది. స్టేషన్ మాస్టరుగారు పార్సిళ్ళ గదిలో ఉన్న నన్ను పిలిచి, "నువ్వే చెప్పవయ్యా, ఇంకెవరున్నారు?" అన్నారు. మొదటి మాటకే నాలుక అడ్డం తిరిగింది. ఎప్పటికైనా మైకులో మాట్లాడాలన్న పంతంతో రోజూ పొద్దున టీ మరిగేలోపు పేపరు పైకి చదువుతున్నాను కదా, అక్కడ తడబడినప్పుడు చేసినట్టే ఊపిరి వదిలి, నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టి చివరిదాకా చెప్పేశాను. కిటికీలోంచి చూస్తే జనమంతా సామాన్లెత్తుకుని అటువైపు నడుస్తున్నారు. నా మాట విని నడుస్తున్నారమ్మా. గుండెల మీంచి బండ దించినట్టయింది.

అయినా చదవడం మానొద్దని పక్కగది మామ్మగారి ఆజ్ఞ. లోకం సంగతులన్నీ ఆవిడకు గోడలోంచే తెలుస్తున్నాయట.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నా గొడుగు చెల్లిని వాడుకోమను. ఆదివారం పొద్దున నాన్నను ఫోను దగ్గర కూర్చోబెట్టు. ఇన్నాళ్ళూ నత్తికి జడిసి కార్డులే రాశాను, ఈసారి నేనే మాట్లాడతాను. నేను తడబడితే ఆయన మాట అందుకోకుండా చూడు. చెల్లికి ఆశీస్సులు, మీ ఇద్దరికీ నమస్కారాలు.

నీ చిన్నోడు